రెండో పొరలో గొంతు

రికార్డింగ్ గదిలో ఇద్దరే ఉన్నారు: పాడే ఆవిడ, ఆవిడ పాటలు రికార్డు చేసే మొగుడు. ఆవిడ తలుపు గడియ వేసి మరీ మొదలుపెట్టింది, అంటే ఆయనకి మూడినట్టే.

“ముందు ఆ హెడ్‌ఫోన్లు తియ్యండి. ఈ డిస్కులో పాడింది ఎవరు?”

“అదేం ప్రశ్న? నువ్వే. అట్ట మీద నీ ఫోటోనేగా ఉంది.”

“అట్ట సంగతి ఎవరడిగారు? మన పక్కింటి డాక్టరుగారు కొత్త ప్లేయర్ కొని, అందర్నీ పిలిచి గొప్పగా నా పాటే పెట్టారు. చివరి చరణంలో పైకెళ్లేచోట గొంతు చీలిపోయింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది.”

“ఆ ప్లేయర్లో ఏదో తేడా ఉండుంటుంది.”

“తేడా ఉంటే వయొలిన్ అంత శుభ్రంగా ఎలా వినిపించింది? ఇంటికొచ్చి మన పాతదాంట్లో పెట్టా. గొంతు కడిగిన ముత్యంలా ఉంది! ఒకటే డిస్కు. ఇక్కడ నేను, అక్కడ ఇంకెవతో.”

“ఇంకెవరూ లేరు.”

“మరి ఏసీ గదిలో ఆ చెమటేంటి?”

“అది... రెండు పొరల డిస్కు. మన పాత ప్లేయర్ మామూలు పొరే చదువుతుంది. కొత్తది రెండో పొర చదువుతుంది. అందులో ప్రతి చప్పుడూ స్పష్టంగా...”

“పాఠాలొద్దు. స్పష్టంగా వినిపిస్తే గొంతు మారిపోతుందా?”

“మారదు.”

“మరి ఎవర్ని తెచ్చి పాడించారు?”

“ఎవర్నీ... అంటే... మంచినీళ్లు తాగుతావా?”

“మాట మార్చకండి. మా చెల్లెలా?”

“అబ్బే, మీ చెల్లెలా? దాని పేరెందుకిప్పుడు?”

“చూశారా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారు! నీకు పాట రాదు, మానెయ్యవే అన్నానని కక్ష కట్టింది. దాన్ని నా డిస్కులో దూర్చారన్నమాట! ఉండండి, ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తా.”

“ఫోన్ కింద పెట్టు. రికార్డింగ్ రోజున నీకు నూట రెండు జ్వరం. గుర్తుందా?”

“ఉంది. అయినా పాడాను. అదీ నేనంటే.”

“పాడావు. నువ్వెళ్లి పడుకున్నాక ఆ ఒక్క చరణం మీ చెల్లెలు మళ్లీ పాడింది.”

“అదే! నేను మొత్తుకునేదీ అదే! ఆ చీలిన గొంతు...”

“నీది. కడిగిన ముత్యంలా ఉందన్నావే, అది దానిది.”

“అబద్ధం.”

“అక్కచెల్లెళ్లు, గొంతులు ఒకే అచ్చు. నువ్వే పోల్చుకోలేదు. దాని చరణం హడావిడిగా చిన్న మెషిన్లో రికార్డు చేశా. మామూలు పొరకి అది సరిపోయింది, రెండో పొరకి ఆ నాణ్యత చాలదు. అందుకని ఆ పొరలో నీ అసలు రికార్డింగే పెట్టా. అలాంటి ప్లేయర్ మనవాళ్లెవరు కొంటార్లే అనుకున్నా.”

“ఆరేళ్లు... ఆరేళ్ల నుంచీ నాదనుకుని... దానికి తెలుసా?”

“తెలుసు.”

“ఈ డిస్కే దాని ముందు పెట్టి, ‘గొంతంటే ఇదీ, చచ్చినా నీకు రాదు’ అన్నా కదండీ. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా!”

“నేనూ అదే అడిగా. కళ్లు తుడుచుకుని నవ్వింది. ‘పోన్లే బావా, ఇన్నాళ్లకి అక్క నా పాట మెచ్చుకుంది’ అంది.”