కందిపొట్టు కప్పిన బండలు

2014 నవంబరు 17న నల్లగొండలోని మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో అధ్యాపకురాలిగా చేరిన శ్రీమతి చిలువేరు మంజుల గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చౌటుప్పల్ దగ్గరి చేనేత కుటుంబంలో జన్మించి, మర్రిగూడ పాఠశాలలో ఏళ్ల తరబడి బోధించి వచ్చిన ఆమెకు చంద్రుడి మీది రాళ్లంటే తగని మక్కువ. "చందమామ మీది రాళ్లతోని మనకేం పని మేడం?" అని సహాధ్యాపకులు భిక్షపతి గారు ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవారు.

గరుకు రాతిమీద ఎండ ఏటవాలుగా పడితే చిన్నచిన్న నీడలు పెరిగి రాయి త్వరగా మసకబారుతుంది. నునుపు రాయి అంతగా మారదు. ఉపగ్రహ చిత్రాలలో ఒకే రాయిని వేర్వేరు ఎండలలో పోల్చి, దాని గరుకుదనాన్ని ఆమె అంచనా వేసేవారు. 2022లో ఒక చంద్రబిలం చుట్టూ ఉన్న పగుళ్ల రాళ్లు విచిత్రంగా నున్నని రాళ్లవలె కనిపించాయి. ఆ సంగతి రాసి పత్రికకు పంపితే సమీక్షకులు నమ్మలేదు; కారణం చూపండి, లేదా పరిశోధన పత్రాన్ని ఉపసంహరించుకోండి అన్నారు. ఎనిమిదేళ్ల శ్రమ మట్టిపాలవుతుందేమోనని మంజుల గారికి దిగులు పట్టుకుంది.

తన పద్ధతిని సరిచూసుకోవడానికి దేవరకొండ దగ్గరి బండలను ఎంచుకున్నారు. మొదట్లో కొలతలు చక్కగా కుదిరాయి. మరో వారం వెళితే అవే గరుకు బండలు నునుపైనవిగా తేలాయి! ఉసూరుమంటూ కూలబడిన ఆమెను పక్క చేను రైతు గోపమ్మ పలకరించింది.

"ఏమైంది మేడం, గట్ల కూసున్నవు?"

"నీ బండలు మోసం చేసినయి గోపమ్మా."

"బండలేం జేస్తయి! నిన్న గీడనే కందులు కొట్టినం. పొట్టంత సందులల్ల కూసున్నది. జర ఆగు, ఊడుస్త."

"వద్దు! ఊడ్వకు!" అని మంజుల గారు పెట్టిన కేకకు గోపమ్మ చేతిలోని చీపురు జారిపడింది. పొట్టు గుంటలను పూడ్చినచోట నీడలు లేవు. చంద్రుడి మీది రాళ్లనూ దుమ్మే కప్పి ఉండాలి! పొట్టుతో ఒకసారి కొలిచి, గోపమ్మ చేతనే ఊడ్పించి మళ్లీ కొలిచారు. గరుకుదనం తిరిగి కనిపించింది.

ఆ కొలతలతో పత్రం ఆమోదం పొందింది. కృతజ్ఞతలలో గోపమ్మ పేరును మంజుల గారు మొట్టమొదట రాశారు. మొన్న ఆ పుటను చూపించడానికి వెళితే, గోపమ్మ తన పేరును వేలితో తడిమి, "నౌకరీ అయిపోయినంక గిటు రావా ఏంది?" అని అడిగిందట. "కందులు కొట్టే యాళ్లకు వస్త. ఈసారి కొలువను, నీతోని కూసుంట" అన్నారట మంజుల గారు.

ఎవరి చేతి ఆసరా లేకుండానే ఏటేటా ఆ బండలెక్కగల ఆరోగ్యంతో, కంటిచూపు తరగక, నిండు నూరేళ్లు వారు సంతోషంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.