గోడ మీద చిట్టి

నీళ్లు జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ మిషన్, అద్దెకు తెచ్చింది, ఆగింది. వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న ప్రహరీగోడ ముందు, పెళ్లయి నెల తిరగని ఇద్దరు తడిసి ముద్దయి నిలబడ్డారు.

"నేనేం చెప్పాను?"

"సిమెంటు గచ్చుకి ప్రెషర్, రంగు వేసిన గోడకి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్."

"పాఠం బాగానే అప్పజెబుతున్నారు! మరి గోడ మీదికి ఎందుకెళ్లారు మహానుభావా?"

"నాచు పోతుందేమోనని ఒక్క అక్షరం రాసి చూశాను."

"ఒక్క అక్షరమా? 'చిట్టి' అని మూరెడు పొడుగుంది!"

"నాచు ఒక్కటే పోతుందనుకున్నా. రంగు కూడా ఊడొచ్చింది."

"మేకు కొట్టినా ఇల్లు ఖాళీ చేయిస్తానన్నారు ఓనరమ్మ. సాయంత్రం వస్తున్నారు. చేసింది మీరు, గోడ మీద పేరేమో నాది!"

"పోనీ, గోడంతా ఇలాగే నీళ్లు కొట్టేస్తే పేరు కనబడదుగా?"

"ముందా గొట్టం కింద పెట్టండి! ఆ పెద్ద పూలకుండీ లాక్కురండి, అడ్డం పెడదాం."

"ఇక్కడ చాలా?"

"ఇంకాస్త గేటు వైపు. ఆవిడ వచ్చేది అటునుంచే. చాలు చాలు, ఆపండి!"

"ఇటునుంచి ఇంకా కనబడుతోందే?"

"ఇటు ఉన్నది మన వంటింటి కిటికీ. కనబడనివ్వండి."