కోపం రాని యువరాణి

2004 వేసవి. అమలాపురంలో, తెలుగు టీచరుగా రిటైరైన లీలావతి గారింటి వసారా. ఒకప్పటి శిష్యుడు తాతబ్బాయి, తను రాసిన జానపద నవలకి ముందుమాట కోసం వచ్చాడు.

“...అది కాదు తాతబ్బాయీ, ముందు నే చెప్పేది విను.”

“ఆయ్, చెప్పండి.”

“ఏడు ద్వీపాలు కట్టేవు. రెక్కల గుర్రాలు, మాట్లాడే మొసళ్ళు, మాయకోట. అన్నీ ఉన్నాయి. మనుషులేరీ?”

“ఉన్నారు కదండీ. రాజుగారు, సేనాపతి, యువరాణి...”

“పేర్లున్నాయిరా. మనుషుల్లేరు. అంత పుస్తకం చదివేను, ఆ యువరాణి ఎలాంటి పిల్లో నాకు తెలీలేదు.”

“అందగత్తెండి.”

“అందం కాదు, గుణం అడుగుతున్నాను. ఒక్కసారి కోప్పడదు. అబద్ధమాడదు. అన్నం వద్దని మారాం చెయ్యదు. బొమ్మల కొలువులో బొమ్మకీ దానికీ తేడా ఏవిటి?”

“రెండో భాగంలో చూద్దావండి.”

“అందాకా ఎవరు చదువుతార్రా? ఇంకోటి. సముద్రం పొంగి కోటంతా మునిగింది. ఒక్క ప్రాణం పోలేదు!”

“పోనివ్వలేదండి.”

“అదే, ఎందుకని?”

“ఊరికేనండి. మజ్జిగ బాగుందండి, టీచరు గారూ.”

“మాట మార్చకు. ఇలాగైతే నేను ముందుమాట రాయలేను.”

“ఆయ్... రాయకపోయినా పర్లేదండి. ఎలా దిద్దాలో చెప్పండి, చాలు.”

“కళ్ళెదుట మనిషిని చూసి రాయాలి. మీ ఇంట్లో ఆడపిల్లల్లేరూ?”

“లేరండి.”

“మరి అందరికీ నోరు తిరగని పేర్లు పెట్టి, యువరాణికొక్కదానికే రమ్యశ్రీ అని మామూలు పేరెందుకు పెట్టేవు? ఎవర్నో చూసే రాసుంటావు.”

“మా అమ్మాయండి.”

“ఇప్పుడే లేరన్నావు?”

“లేదండి. తొంభయ్యారు తుఫాన్లో... అదీ, వాళ్ళమ్మా. సముద్రం పక్కనుండేవాళ్ళం కదండీ. నేనా రోజు ఊళ్ళో లేను.”

“అయ్యో! అయ్యో నాయనా! నాకెవరూ చెప్పలేదురా.”

“నేనే ఎవరికీ చెప్పలేదండి.”

“ఊరుకో. ఇలా చూడు... ఆ పిల్లనే రాయి. ఎలా మాట్లాడేదో, దేనికి అలిగేదో, నువ్వు ఇంటికి రాగానే ఏం చేసేదో. అదే రాయి. యువరాణి లేచి నడుస్తుంది.”

“అక్కడే ఆగిపోయేనండి. ఎంత ఆలోచించినా ఎలాంటి పిల్లయ్యుండేదో తెలీలేదు. అప్పటికి బారసాలయ్యిందంతేనండి. దానికింకా మెడైనా నిలబడలేదు.”