గుండె కొట్టుకోని విజేత

కంపెనీ నడక పోటీలో మొదటి స్థానం వచ్చిందని పిలిపించిన మేనేజరు, తలుపు గడియ పెట్టేసరికి గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నీ స్మార్ట్‌వాచీ ప్రకారం నెలంతా అందరికంటే ఎక్కువ నడిచావయ్యా. గుండె మాత్రం ఒక్కసారీ కొట్టుకోలేదు."

"ఉద్యోగం తీసెయ్యకండి సార్. మొదటిసారి పొరపాటే. వాచీ చొక్కా జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్లో పడింది."

"తర్వాత?"

"అందులో అడుగుల అంకె చూశాక ఆశ పుట్టింది సార్. అప్పట్నుంచి మా ఆవిడ ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతోంది."

మేనేజరు వాచీ లేని తన మణికట్టు తడుముకున్నాడు.

"మీ మెషీన్ ఏ కంపెనీదయ్యా?"

"ఎందుకు సార్?"

"రెండో స్థానం నాది. మాది పాత మెషీన్, నాలుగు చుట్లు తిరగమంటే మూలుగుతోంది."