చూపించాల్సిన మనిషి

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎనిమిది నెలల కిందట పైనుంచి పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు డాక్టరు గదిలోంచి కర్ర పట్టుకుని వచ్చి, బయట బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు.

"అడిగారా?"

"ఎముక బాగా అతుక్కుందట. ప్లేట్లు కూడా కదల్లేదట."

"అది ఎక్స్‌రేలో నాకూ కనిపిస్తోంది. నేను రాసిచ్చిన చీటీ ఏది?"

"జేబులోనే ఉంది."

"ప్రతిసారీ జేబులోనే ఉంటుంది. లిఫ్టుకి ఏమైందో చెప్పకుండా 'ఏదో తేడాగా ఉంది' అనేవాళ్ల మీద ఎంత విసుక్కుంటారు మీరు?"

"లిఫ్టూ ఇదీ ఒకటేనా?"

"కాదులెండి. లిఫ్టు ఆగిపోతే ఎవరూ మీలా వెళ్లి హాల్లో చాపేసుకుని పడుకోరు."

"లోపల నర్సు కూడా ఉంది. ఎలా అడగమంటావ్?"

"ఆ నర్సే కదా ఆరు వారాలు మీకు ఒళ్లు తుడిచింది."

"సరే, అడిగానులే."

"ఏమని?"

"నా దగ్గర పనిచేసే అతనికి ఇలాంటి ఆపరేషనే అయింది, అప్పట్నుంచి భార్యతో కలవలేకపోతున్నాడు, మందేమైనా ఉందా అని."

"డాక్టరు ఏమన్నారు?"

"నరాలు దెబ్బతింటే అలా అవుతుందట. వైద్యం ఉందట. కానీ మనిషిని చూడకుండా ఏం చెప్పలేను, తీసుకురమ్మన్నారు."

ఆమె లేచి డాక్టరు గది తలుపు తట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"తీసుకొచ్చానని చెప్తాను. ఆ కర్ర పట్టుకుని లేవండి."