ఆదివారం గంప

ఆ సంచి గడప అవతలే ఉండనీ, ప్రత్యూషా. లోపలికి తెచ్చినావంటే మీ పెద్దమ్మ నిన్నూ నన్నూ కలిపి బయటికి గెంటుతుంది. ఎండినా పురుగు పురుగేనంటుంది ఆమె. ఊఁ, అట్ట కూర్చో. ఏమన్నావు? ఈగ పురుగులను పెంచి, పొడి చేసి, చేపలకు మేతగా వేస్తావు, దానికి నా గుంట కావాలి. మీ నాయన తన గుంట ఇయ్యనన్నాడు, 'పురుగు తిన్న చేపను ఎవడు కొంటాడే' అన్నాడు. వాడన్నది పూర్తిగా తప్పని నేను చెప్పను. చేపల పులుసు విషయంలో నెల్లూరోళ్లు సొంత వదినను కూడా నమ్మరు. అయితే ఇదేదో కొత్త సంగతి అనుకోబాక. ఈ వాకాడు పక్కన సమాధానం అని ఒకాయన ఉండె, నువ్వు పుట్టకముందే పోయినాడు. పురుగు మేతను ఆయనే కనిపెట్టినాడని చెప్పుకుంటారు గానీ అది ఒట్టి మాట. చైనావాళ్లు పట్టు తీసినాక మిగిలిన పురుగులను చేపల గుంటల్లో వేసేవాళ్లని నేనే చదివినాను. ఆయన కనిపెట్టలా, ఆయనకు అవసరం పడింది. రెండూ వేరు.

రొయ్యలకు తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలన్నీ ఎండబెట్టిన కాలం అది. అందరూ చేతులు దులుపుకుంటే ఈయన తన గుంటలో కొరమేను పిల్లలను వదిలినాడు. కొరమేను తవుడుకూ వేరుశనగ చెక్కకూ లొంగే రకం కాదు గదా, మాంసం కావాలి. నెత్తళ్లని సముద్రంలో దొరికే చిన్న చేపలు, వాటిని తరిగి వేసేవాడు. ఆ నెత్తళ్లేమో వాళ్లమ్మ ఇసకలో ఎండబెట్టి ఊరూరా అమ్ముకునే సరుకు. మేత మిల్లులవాళ్లు పడవ ఒడ్డుకు రాకముందే బేరం చేసుకొని పోతాంటే, ముసలమ్మకు గంప నిండేది కాదు. 'అబ్బయ్యా, మనిషి నోటికి లేని చేపను తీసకపోయి చేప నోట్లో పెడతావా' అని సాధించేది. అది ఒక పోరు. రెండోది ఆదివారం. సమాధానం గట్టి క్రైస్తవుడు. ఆదివారం గుంటగట్టు తను ఎక్కడు, కూలోణ్ణి ఎక్కనియ్యడు. 'జయరామన్నా, ఆరు రోజులు నావి, ఏడోది ఆయనది' అనేవాడు నాతో. సరే, ఈయన చర్చిలో పాటలు పాడతాంటే, ఆకలి మీదుండే కొరమేన్లు చేతులు కట్టుకొని వింటాయా? పెద్దవి చిన్నవాటిని మింగేవి. సోమవారం పొద్దున చూస్తే పిల్లలు పల్చబడి, పెద్దవి మాత్రం పెండ్లిభోజనం చేసినట్టు బొద్దుగా తేలతాండేవి.

అప్పుడు చేసినాడమ్మా ఒక పని. గుంట నడుమ తాటిగుంజ పాతి, దానికి చిల్లుల గంప వేలాడదీసి, అందులో చేపల తలకాయలూ పేగులూ వేసినాడు. ఈగలు వాలినాయి, పురుగు పట్టింది, బలిసిన పురుగు తనంతట తానే జారి నీళ్లలో పడింది. కింద కొరమేను నోరు తెరుచుకొని సిద్ధం. శనివారం గంప సర్దితే ఆదివారమంతా మేతే. 'నేను వేయలా, ఈగ వేసింది' అనేవాడు. కంపా? గాలి ఇటు తిరిగితే మా ఇంట్లో అన్నం దిగేది కాదు. నీ పురుగులకు ఆ కంపు లేదన్నావు, మంచిదే.

ఆ ఏడు కోతపండుగ వచ్చింది. వాళ్ల చర్చిలో తొలిపంట తెచ్చి దేవుడికిస్తారు, తరవాత దాన్ని వేలం పాడతారు. సమాధానం చెయ్యంత కొరమేనును నీళ్లబిందెలో తెచ్చి పెట్టినాడు. నేనూ చూడబోయినాను. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు పోటీ మీద పోయినాయి. చేప వంతు వచ్చేసరికి వెనకనుంచి ఎవడో 'అది పురుగుల చేపరోయ్' అన్నాడు. అంతే, ఒక్క నోరు లేవలా. వాళ్ల పాస్టరు జడ్సన్ అయ్యగారు 'సహోదరులారా, సహోదరులారా' అని నీళ్లు నమలతాండాడు. సమాధానం తల వంచుకొని నిలబడ్డాడు. సంతలో ఒకడు వద్దంటే ఇంకొకడు కొంటాడు. దేవుడికిచ్చిన దాన్ని మళ్లీ ఇంటికెట్ట మోసకపోతాడు, చెప్పు? అప్పుడు లేచింది ఆయన భార్య మగ్దలీనమ్మ. కోడిని పాడుకొని చంకలో పెట్టుకున్న పెద్దమనిషి దగ్గరికి నేరుగా పోయి, 'అన్నా, ఈ కోడి మా ఇంటిదే. పొద్దస్తమానం పెంటదిబ్బలో ఏం ఏరుకొని తిన్నదో తెలుసునా? బాసుమతి బియ్యం కాదులే' అన్నది. ఆడోళ్ల పక్క మొదలైన నవ్వు అయ్యగారి దాకా పాకింది. చివరికి అయ్యగారే పాడుకున్నాడు చేపను. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో పులుసు, మామిడికాయ వేసి. నేనూ తిన్నాను. పురుగు రుచి పట్టుబట్టి వెతికినాను. దొరకలా.

ఒక్క పులుసుతో ఊరు మారిపోయిందంటే నమ్మబాక. సగం మంది కొన్నారు, సగం మంది మొహం తిప్పుకున్నారు. తరవాత జ్వరమొచ్చి ఆయన పోతే, మగ్దలీనమ్మ గుంటను నాకిచ్చేసి కావలికి, కూతురి దగ్గరికి పోయింది. అవును, అదే గుంట, నువ్వడిగేదే. గుంజ ఇంకా నడుమనే ఉంది, లకుముకిపిట్ట వాలుతుందే, అది. వలకు అడ్డం, పీకెయ్యమని మీ నాయన ఎన్నిసార్లు పోరినాడో. నేను పీకనియ్యలా. ఎందుకా? ఎందుకంటే...

మబ్బు పట్టింది చూడు. తడిస్తే ఆ సంచికి బూజు పడుతుంది, రేపు గుంటలో వేసేదానికి పనికిరాదు. లోపల పెట్టు పో. మీ పెద్దమ్మకు నేను చెప్పుకుంటాలే.