మేట్టుపాళయం లారీల వరస

లారీ ఓనర్లకు, డ్రైవర్లకు, సరుకు పంపే వ్యాపారస్తులకు నమస్కారం. ఇవాళ మేట్టుపాళయంలో ఒక్క లారీకీ లోడు ఎక్కలేదు. మా పిన్ని వేదవల్లి సంతాప సభ కోసం మీరంతా పని ఆపుకుని వచ్చారు. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. రాసుకున్నది చదువుతాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్ని. బాబాయి పోయాక, లారీలకు వచ్చిన వరసలో లోడు ఇచ్చే బుకింగ్ ఆఫీసు నడిపిందీ ఆమే. మీ అందరికీ అక్క. నాకొక్కదానికే పిన్ని. అయినా మీకు దొరికినంత నాకు దొరికిందా?

మనది కేంద్రపాలిత ప్రాంతం, మన ఊరి చుట్టూ తమిళనాడే. ఊరు దాటే లారీకి ఆ రాష్ట్రం అనుమతి కావాలి. కాన్వెంటులో నాకు బహుమతి ఇచ్చిన రోజు, అనుమతి గడువు దాటిన ధనపాల్ అన్న లారీని చెక్‌పోస్టులో ఆపేశారు. పిన్ని అక్కడికి వెళ్లింది. సాయంత్రం దాకా ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుని బండిని విడిపించింది. ధనపాల్ అన్నా, స్కూల్లో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. మిమ్మల్ని చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

సేదరపేట్ ఫ్యాక్టరీల సరుకు గుట్టలు పడ్డ వేసవి మీకు గుర్తుందా? మద్రాసు బాడుగ పెరిగింది. వరస తప్పించి లోడు ఇమ్మని ఎందరో పిన్నికి డబ్బు ఆశ పెట్టారు. ఆ వారమే నేను కాలేజీలో చేరడానికి మద్రాసు వెళ్లాలి. మన లారీని ముందు పంపితే ఇద్దరం కలిసి వెళ్దామన్నాను. దారంతా ఆమె నా పక్కన ఉంటుందని నా ఆశ. అందరి ముందూ పిన్ని అంది: "ముందొచ్చినోడు ముందు పోవల్ల. మన బండి అయితే ఏంది? నీకు బస్సు లేదా పాపా?"

మీరంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మీతో కలిసి. నేను బస్సులో ఒంటరిగా వెళ్లాను.

ఆమె గుర్తుగా రేపటి మొదటి లోడు మా లారీకి ఇస్తామని సంఘం అంది. వద్దు. వరసలో ముందున్నది చెల్లప్పన్ గారి బండి. లోడు ఆయనదే.

నాకు కావలసింది లోడు కాదు. పొద్దుటి నుంచి పిన్ని పటం చుట్టూ మీరే ఉన్నారు. దండలన్నీ మీవే. నాకు దారి దొరకలేదు.

ఇప్పుడు అందరం లేచి మౌనంగా నిలబడదాం. దయచేసి కాస్త వెనక్కి జరగండి. పిన్ని ఉంటే ఒప్పుకునేది కాదు. అయినా ఈ ఒక్కసారి, ఆమె ఎదుట ముందు నన్ను నిలబడనివ్వండి.